ఆ డ్రమ్ముల మోత ఎలా పుట్టింది?

1979లో లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో గాయకుడు పీటర్ గేబ్రియల్ తన మూడో ఆల్బమ్ చేస్తున్నాడు. సింబల్స్ అనే లోహపు పళ్ళేలు ఒక్కటి కూడా ముట్టుకోవద్దని డ్రమ్మర్లకు ముందే చెప్పేశాడు. డ్రమ్ముల దగ్గర ఫిల్ కాలిన్స్. అద్దానికి ఇవతల కంట్రోల్ రూమ్‌లో ప్రొడ్యూసర్ స్టీవ్ లిలీవైట్, సౌండ్ ఇంజనీర్ హ్యూ ప్యాడ్జమ్. లోపలివాళ్ళ మాటలు ఇవతలికి వినపడటానికి గదిలో పైన ఒక మైకు వేలాడుతుండేది. అది రికార్డింగ్‌కి కాదు, మాటలకే. ఏ మూల నుంచి ఎంత మెల్లగా మాట్లాడినా అందాలి కదా, అందుకని మిక్సింగ్ కన్సోల్‌లో దానికి గట్టి కంప్రెసర్ అమర్చి ఉంది. ఒకసారి ఆ మైకు ఆన్‌లో ఉండగానే కాలిన్స్ వాయించాడు. స్పీకర్లలోంచి వచ్చిన మోతకు కంట్రోల్ రూమ్‌లో వాళ్ళు ఉలిక్కిపడ్డారు.

కారణం చెప్పుకుంటే సులువే. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని అణుస్తుంది, దాంతో చిన్న శబ్దం పైకి తేలుతుంది. డ్రమ్ము మీద పడ్డ దెబ్బ పెద్దది, అది అణిగింది. దాని వెనకాలే ఆ గది రాతి గోడల మధ్య తిరిగే ప్రతిధ్వని చిన్నది, అది పైకి లేచింది. దీనికి ప్యాడ్జమ్ నాయిస్ గేట్ కూడా కలిపాడు. శబ్దం ఒక స్థాయి కిందికి దిగగానే ఠక్కున కోసేసే పరికరం అది. ఇప్పుడు ప్రతిధ్వని ఉప్పొంగుతుంది, సన్నగిల్లేలోపే తెగిపోతుంది. మామూలు గదిలో ఎక్కడా వినపడని శబ్దం! మాటల మైకును రికార్డు చేసే దారి ఆ కన్సోల్‌లో లేకపోతే, వైర్లు మార్పించి మరీ పట్టారు. 1980లో గేబ్రియల్ ‘ఇంట్రూడర్’ పాటలో అదే వినిపించింది. మరుసటి ఏడు కాలిన్స్ సొంత పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’తో లోకమంతా పాకింది. ఆ దశాబ్దంలో డ్రమ్ములంటే అలాగే మోగాలన్నట్టు అయింది.

ఇదంతా ఆల్బమ్ అట్ట మీద రాసి లేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళు ఇంటర్వ్యూల్లో చెప్పబట్టి తెలిసింది. ఇలాంటి ఇంటర్వ్యూలు ఇప్పుడు యూట్యూబ్‌లో గంటా రెండు గంటల నిడివితో బోలెడు దొరుకుతున్నాయి. అన్నీ చూడదగ్గవి కావు. ‘ఈ పాట చేసేటప్పుడు మీ అనుభూతి ఏమిటి’ అని మొదలుపెట్టే వాటిని నేను అక్కడే ఆపేస్తాను. నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పి చెప్పి ఎదురుగా కూర్చున్న సంగీతకారుడికి అది కంఠతా వచ్చేసి ఉంటుంది. ‘ఆ మైకు ఎక్కడ పెట్టారు?’ అని అడిగితే మాత్రం మనిషి కుర్చీలో కాస్త ముందుకు జరుగుతాడు, చేతులు గాల్లో ఆ గదిని గీస్తాయి.

అలా అడగాలంటే అడిగేవాడికి పని తెలిసుండాలి. అమెరికాలో రిక్ బియాటో అలాంటివాడు. కాలేజీలో సంగీతం బోధించాడు, అట్లాంటా ప్రాంతంలో స్టూడియో పెట్టుకుని బ్యాండ్లకు రికార్డులు చేశాడు. ఎంత చిక్కు స్వరాల గుత్తి వినిపించినా కొడుకు టకటకా పేర్లు చెప్పేసే వీడియో ఒకటి జనంలో పాకి, ఆయన పేరు మోగింది. 2016లో యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాడు. స్టింగ్, బ్రయాన్ మే, డేవిడ్ గిల్మర్ లాంటివాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. బియాటో గిటార్ మీద వాళ్ళ పాటలోని స్వరాల గుత్తి వాయించి, ఈ వేలు ఇక్కడికెందుకు వెళ్ళిందని అడగగలడు. సంగీతశాస్త్రం మరీ ఎక్కువైందని విసుక్కునేవాళ్ళు లేకపోలేదు, ఒక్కోసారి నాకూ అనిపిస్తుంది. పక్షవాతంతో ఎడమచేయి పడిపోయిన జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్ ఇంటికి వెళ్ళి 2023లో చేసిన ఇంటర్వ్యూ చూశాక ఆ విసుగు పోయింది. జారెట్ అందులో కుడిచేత్తోనే వాయిస్తాడు.

వాయించేవాళ్ళకంటే ప్రొడ్యూసర్లతో మాటలే నాకు ఎక్కువ రుచి. ఇక్కడ ప్రొడ్యూసర్ సినిమా నిర్మాతలా డబ్బు పెట్టే మనిషి కాదు. ఏ టేకు ఉంచాలో, ఎవరిని మళ్ళీ వాయించమనాలో, ఎప్పుడు ఇక చాలనాలో తేల్చేవాడు. సగం సంగీతం, సగం లౌక్యం. నిర్వాణా బ్యాండ్ 1991 ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ సంగతులు దాని ప్రొడ్యూసర్ బుచ్ విగ్ ఎన్నో చోట్ల చెప్పాడు. ఒకే చరణాన్ని రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పరిస్తే గొంతు నిండుగా వినిపిస్తుంది. బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్‌కు అది దొంగపనిలా తోచింది, పాడనన్నాడు. ‘జాన్ లెనన్ చేసేవాడు’ అన్నాడట విగ్. బీటిల్స్ అంటే ప్రాణమైన కోబేన్ ఇక మాట్లాడలేదు.

‘సంథింగ్ ఇన్ ది వే’ పాట కథ ఇంకా బాగుంటుంది. బ్యాండ్ మొత్తం కలిసి వాయిస్తే కుదరలేదు. కోబేన్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి, సోఫాలో వెల్లకిలా పడుకుని, ఇలా ఉండాలంటూ గుసగుసగా పాడాడు. విగ్ ఫోన్ తీగ లాగేసి, ఫ్యాన్ ఆపి, అక్కడే మైకులు పెట్టాడు. తాళానికి క్లిక్ శబ్దం ఏదీ లేకుండా పట్టిన పాట అది. దాని మీద తర్వాత డ్రమ్ములు వేయడానికి డ్రమ్మర్ డేవ్ గ్రోల్ తంటాలు పడ్డాడు. ఇది విని పాట మళ్ళీ వింటే అందులో డ్రమ్ములు ఎందుకంత ఒదిగి ఉన్నాయో తెలుస్తుంది.

‘క్లాసిక్ ఆల్బమ్స్’ టీవీ సిరీస్‌లో విగ్ కన్సోల్ ముందు కూర్చుని గొంతు ఒక్కటే, గిటార్ ఒక్కటే విడివిడిగా వినిపిస్తాడు. యూట్యూబ్‌లో అంత సులువు కాదు. పాట ముక్క వినిపిస్తే యూట్యూబ్ యంత్రం పసిగడుతుంది, వీడియో ఆగిపోవచ్చు, లేదా దాని ఆదాయం పాట హక్కులున్న కంపెనీకి పోవచ్చు. 2020లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు బియాటో ఈ బాధే చెప్పుకున్నాడు. చాలా ఇంటర్వ్యూల్లో పాట గురించి గంట మాట్లాడి పాట వినిపించకపోవడానికి కారణం ఇదే. మనమే పక్కన పాట పెట్టుకుని చూడాలి.

ఇంకో జాగ్రత్త కూడా కావాలి: ఒకే సంగతి ఇద్దరి నోట రెండు రకాలుగా రావచ్చు. లెడ్ జెపెలిన్ బ్యాండ్ 1971లో విడుదల చేసిన ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ డ్రమ్ములు హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతి హాల్లో, మెట్ల మీద నుంచి మైకులు వేలాడదీసి పట్టినవి. ఆ ఆలోచన ఎవరిది? కొత్త డ్రమ్ సెట్ వస్తే హాల్లో దించారని, డ్రమ్మర్ జాన్ బోనమ్ వచ్చి వాయించగానే ఆ గది మోత తమకు నచ్చిందని గిటారిస్ట్ జిమ్మీ పేజ్ చెబుతాడు. మిగతావాళ్ళు మందు కొట్టడానికి వెళ్తే బోనమ్‌ను ఆపి తానే హాల్లోకి రమ్మన్నానని ఇంజనీర్ ఆండీ జాన్స్ చెప్పాడు. హాలు, మెట్లు, ఎత్తున ఉన్న మైకులు ఇద్దరి మాటల్లోనూ ఒకటే. వాటిని నమ్మవచ్చు. మొదట ఎవరికి తట్టిందన్న దగ్గరే ఎవరి కథ వారిది. జాన్స్ 2013లో పోయాడు. బోనమ్‌ను అడుగుదామంటే, ఆయన 1980లోనే వెళ్ళిపోయాడు.