మాంసకృత్తుల అట్లాసు

1965వ సంవత్సరమున అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమునుండి ఒక పుస్తకము వెలువడెను. పుటలు సుమారు నూరు. అందు కథ లేదు, వర్ణన లేదు, వాదమును లేదు. ఏ పుట తెరచినను అక్షరముల వరుసలు, పట్టికలు, ఆ వరుసలను ఎవరు ఏ పత్రికయందు ప్రకటించిరో తెలుపు సూచికలు. దాని పేరు 'అట్లాస్ ఆఫ్ ప్రోటీన్ సీక్వెన్స్ అండ్ స్ట్రక్చర్'. అట్లాసు అనగా దేశపటముల సంపుటమని బడిపిల్లలకెల్ల తెలియును. ఇది దేశముల పటము కాదు. నాటికి నిర్మాణక్రమము తెలిసిన మాంసకృత్తుల పటము. లోకములోని ప్రయోగశాలలన్నియు శ్రమించి చదువగలిగిన ఆ మాంసకృత్తులు మొత్తము 65. నేడు డేటాబేసులని వ్యవహరింపబడుచున్న జీవశాస్త్ర సమాచారనిధులకు మూలపురుషుడు ఈ చిన్న గ్రంథమే. దానిని కూర్చిన బృందమునకు నాయకురాలు మార్గరెట్ డేహాఫ్.

పేరు చూచి మాంసకృత్తులు మాంసమునందు మాత్రమే యుండునని భ్రమపడరాదు. కందిపప్పునందును, కోడిగ్రుడ్డునందును, తలవెండ్రుకయందును, రక్తమునందును అవి కలవు. ప్రతి మాంసకృత్తును ఒక హారము వంటిది. హారమునందలి పూసలు అమైనో ఆమ్లములు. అవి 20 రకములు. ఏ పూస తరువాత ఏ పూస వచ్చుననునదే దాని స్వభావమును నిర్ణయించును. రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబిన్‌లోని బీటా హారమున 146 పూసలుండును. అందు ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ వచ్చి కూర్చున్నచో ఎఱ్ఱకణములు కొడవలి రూపము దాల్చును. మనిషి ఆయువు కృశించును. నూటనలువదియారింట ఒక్కటి మారినందులకు ఇంత ఫలము!

ఈ పూసల వరుసను చదువుట ఆ కాలమున తపస్సు వంటిది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ ఇన్సులిన్‌నందలి 51 అమైనో ఆమ్లముల క్రమమును తెలిసికొనుటకు దాదాపు పదియేండ్లు పట్టెను. 1955 నాటికి ఆ పని పూర్తి కాగా 1958లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆయన త్రోవ చూపిన పిదప ఒకరు గుఱ్ఱపు మాంసకృత్తును, మరియొకరు తిమింగిలపు మాంసకృత్తును, వేరొకరు పులిపిండిలోని సూక్ష్మజీవి మాంసకృత్తును చదువసాగిరి. ఎవరి ఫలితమును వారు తమ కనువైన పత్రికలో ప్రకటించిరి. గుఱ్ఱమునకును మనుష్యునకును పోలిక యెంత అని అడిగినవానికి ఒక్కచోట జవాబు దొరకదు. జవాబు ఉన్నది, కాని రెండు దేశములలో, రెండు గ్రంథాలయములలో, రెండు బీరువాలలో ఉన్నది.

డేహాఫ్ 1925లో ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. కొలంబియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదివి 1948లో డాక్టరేటు పొందెను. అణువుల శక్తిని లెక్కించుటకు చిల్లుల కార్డుల యంత్రములను ఆనాడే వాడినది. 1960లో ఆమె నేషనల్ బయోమెడికల్ రీసెర్చి ఫౌండేషన్ అను సంస్థలో చేరెను. ఆ సంస్థను స్థాపించిన రాబర్ట్ లెడ్లీ దంతవైద్యము చదివి కంప్యూటర్ల వైపు మరలిన విచిత్రవ్యక్తి. వారిరువురును కలిసి 1962లో కంప్యూటరునకు ఒక పనిని నేర్పిరి.

ఆ పని యిట్టిది. పొడవైన హారమును ఒకేసారి చదువుట సాధ్యము కాదు గనుక శాస్త్రజ్ఞులు దానిని ముక్కలు చేసి, ముక్కలను చదివెడివారు. ఒకే శతకమునకు రెండు ప్రతులున్నవనుకొనుడు. ఒక ప్రతిని ఒకచోట, రెండవ ప్రతిని వేరొకచోట చింపి అన్నియు కలగలిపినచో, ఒక ముక్క చివరి మాటలు మరొక ముక్క మధ్యలో కనిపించును. ఆ ఆనవాలు పట్టుకొని మొదటి శతకమును తిరిగి కూర్చవచ్చును. మనుష్యుడు నెలల తరబడి కూర్చొని చేయవలసిన ఈ జోడింపును యంత్రము కొద్ది నిమిషములలో చేయగలదని వారు నిరూపించిరి.

యంత్రము సిద్ధముగా ఉన్నది. దానికి పెట్టవలసిన మేత లేదు. అందుచేత డేహాఫ్ సేకరణకు పూనుకొనెను. పత్రికలన్నియు తిరుగవేయుట, ప్రతి క్రమమును ఎత్తి వ్రాయుట, ఒకే మాంసకృత్తును ఇద్దరు రెండు విధములుగా చదివినచో ఏది నమ్మదగినదో విచారించుట, కార్డులకు చిల్లులు పొడిపించుట, పొడిచినదానిని మరల సరిచూచుట. ఒక్క అక్షరము తారుమారైనచో ఏమగునో కొడవలి కణముల కథ చెప్పనే చెప్పినది. వేమన పద్యముల వ్రాతప్రతులు తెప్పించి, పండితులను కూర్చుండబెట్టి పాఠభేదములు పోల్పించిన బ్రౌను దొర శ్రమ తెలుగువారు ఎరుగనిది కాదు. డేహాఫ్ చేసినది అట్టి పరిష్కర్త పనియే. అయితే ప్రయోగశాలలో గొట్టములు పట్టినవారిలో పలువురికి అది గుమాస్తా పనిగా తోచెను. ఎవరో కష్టపడి కనుగొన్నదానిని ప్రోగుచేయుట శాస్త్రమా అని చులకన చేసిన కాలమది. ఈ చులకన అన్యాయము. పోగుపడని సత్యము ఎవరికిని అక్కరకు రాదు.

ఆమె చేసిన మరొక చిన్న మార్పు తరువాతి కాలమున ఎంతో పెద్దదయ్యెను. అప్పటివరకు ప్రతి అమైనో ఆమ్లమును మూడేసి అక్షరములతో వ్రాయుట వాడుక. కంప్యూటరు జ్ఞాపకశక్తి మిక్కిలి ఖరీదైన ఆ దినములలో అది దుబారా. డేహాఫ్ 20 ఆమ్లములకు 20 ఇంగ్లీషు అక్షరములను ఏర్పరచెను. కొన్నింటికి మొదటి అక్షరమే సరిపోయెను. గ్లైసీన్‌కు జి, వాలీన్‌కు వి. ఒకే అక్షరమునకు నలుగురు పోటీపడినచోట ఉపాయము కావలసివచ్చెను. ఆర్జినైన్ అని పలుకునపుడు మొదట వినిపించునది ఆర్ గనుక దానికి ఆర్. ఫినైల్ అలనైన్‌కు ధ్వనిని బట్టి ఎఫ్. రెండు వలయములతో బొద్దుగా నుండు ట్రిప్టొఫాన్‌కు అంతే వెడల్పైన డబ్ల్యూ. లైసీన్‌కు ఎల్ దొరకలేదు. దాని ప్రక్కనున్న కె ఇచ్చిరి. తరగతిలో పాఠము గుర్తుండుటకు ఉపాధ్యాయుడు చెప్పు కిటుకులవలె ఉన్న ఈ లిపిని 1968లో అంతర్జాతీయ శాస్త్రసంఘముల నామకరణసమితి స్వీకరించెను.

ఒకచోట చేర్చిన పిమ్మట పోల్చుట ఆరంభమయ్యెను. శ్వాసక్రియకు తోడ్పడు సైటోక్రోమ్ సి అను మాంసకృత్తునందు మనుష్యునకు 104 అమైనో ఆమ్లములుండును. చింపాంజీకిని మనుష్యునకును ఆ క్రమమున భేదమే లేదు. రీసస్ కోతితో ఒక్కచోట భేదము. గుఱ్ఱముతో 12 చోట్ల. బంధుత్వము దూరమైనకొలది భేదములు పెరుగుచున్నవి! తాళపత్ర ప్రతులలోని లేఖకుల తప్పులను బట్టి ఏ ప్రతికి ఏది మాతృకయో పండితుడు ఊహించునట్లు, ఈ భేదములను బట్టి జీవుల వంశవృక్షమును గీయవచ్చును. అంతటితో తృప్తి చెందక, ఏ ఆమ్లము స్థానమున ఏ ఆమ్లము వచ్చుట ప్రకృతికి సమ్మతమో డేహాఫ్ బృందము లెక్కకట్టెను. దగ్గరి చుట్టములైన మాంసకృత్తులను 71 వర్గములుగా తీసికొని, వానిలో జరిగిన 1,572 మార్పులను లెక్కించి 1978లో ఒక పట్టికను ప్రకటించిరి. రెండు క్రమములమధ్య కనిపించు పోలిక చుట్టరికమా, కాకతాళీయమా అని తేల్చుటకు అది తూనికరాయి అయ్యెను.

అయితే ఈ నిధి ఎవరిది? ఇక్కడనే చిక్కు వచ్చెను. ఆమె సంస్థకు ప్రభుత్వధనము చాలినంత అందలేదు. పుస్తకములను, పిదప అయస్కాంత టేపులను అమ్మి ఖర్చు రాబట్టుకొనవలసి వచ్చెను; కొన్నవారు ఇతరులకు పంచిపెట్టరాదని నిబంధన పెట్టిరి. మేము కనుగొన్న క్రమములను మాకే అమ్ముదురా అని శాస్త్రజ్ఞులు సణిగిరి. ముద్రితము కాకముందే క్రమములు పంపుడని కోరినచో పలువురు వెనుదీసిరి. ఆ సణుగుడు పూర్తిగా నిరాధారమని అనరాదు. కాని పరిష్కరణకు పట్టు శ్రమకు మూల్యము ఎవరో ఒకరు చెల్లింపవలెను గదా! 1982లో అమెరికా ప్రభుత్వము డీఎన్‌ఏ క్రమముల కొరకు జాతీయనిధిని నెలకొల్పదలచినపుడు డేహాఫ్ సంస్థయు పోటీ చేసెను. కాంట్రాక్టు ఆమెకు రాలేదు. అందరికిని ఏ నిర్బంధము లేక ఇత్తుమని ముందుకు వచ్చిన లాస్ అలమోస్ ప్రయోగశాల వర్గమునకు దక్కెను. 'జెన్‌బ్యాంక్' అను పేరుతో నేటికిని నడచుచున్న నిధి అదియే. 1983 ఫిబ్రవరిలో డేహాఫ్ గుండెపోటుతో కన్నుమూసెను. వయస్సు 57 ఏండ్లు.

ఐదు నెలలు గడచినవి. కాలిఫోర్నియాలో రస్సెల్ డూలిటిల్ అను శాస్త్రజ్ఞుడుండెను. డేహాఫ్ అట్లాసును ఆధారము చేసికొని, క్రొత్తగా వెలువడిన క్రమములను తానే చేర్చుకొనుచు సొంత నిధిని పెంచుకొనినవాడు. దానికి 'న్యూఅట్' అని పేరు పెట్టెను. క్రొత్త అట్లాసు అని దాని భావము. గాయము తగిలినపుడు రక్తములోని ఫలకికలు ఒక మాంసకృత్తును విడుదల చేయును. పెరుగుడని కణములకు ఆజ్ఞ యిచ్చి గాయమును మాన్పునది అది. దాని క్రమములో కొంతభాగము అప్పుడే చదువబడినది. డూలిటిల్ దానిని తన నిధిలోని క్రమములతో పోల్చి చూచెను. ఒక కోతికి కంతులు పుట్టించు వైరస్‌నందలి జన్యువుతో అది సరిపోయెను!

గాయములను గూర్చి పరిశోధించువారు కంతుల వైరస్‌ను చూచియుండలేదు; వైరస్‌ను చదివినవారు గాయమును తలచియుండలేదు. రెండు క్రమములను ప్రక్కప్రక్కన పెట్టిన క్షణమున తెలిసినదేమనగా, వైరస్ ఒకనాడు జంతుకణమునుండి ఆ పెంపుడు ఆజ్ఞను అపహరించినది. ఆగవలసినచోట ఆగక ఆ ఆజ్ఞ మరల మరల వినిపించుటయే కంతి. 1983 జూలైలో ఈ సంగతి ప్రకటితమయ్యెను. అదే నెలలో లండను నగరమున మరొక బృందమును స్వతంత్రముగా ఇదే సామ్యమును కనుగొని ప్రకటించెను. క్యాన్సరు విచారణను మలుపు త్రిప్పిన ఈ పోలిక గొట్టములలో గాక నిధిని వెదకుటలో లభించినది. సేకరణ గుమాస్తా పని అన్నవారికి ఇంతకన్న వేరు సమాధానము అక్కరలేదు. దానిని వినుటకు డేహాఫ్ లేకపోయెను.

తరువాతి చరిత్ర వేగముగా సాగినది. 1984లో ఆమె సహచరులు అట్లాసును అందరు వెదకుకొనదగిన నిధిగా మార్చిరి. 1986లో స్విట్జర్లండున మరొక నిధి పుట్టెను. 2002లో ఇవి కలిసి 'యూనిప్రాట్' అయినవి. మాంసకృత్తుల త్రిపరిమాణ రూపములను భద్రపరచు వేరొక నిధి 1971లో 7 రూపములతో మొదలై 2023 నాటికి 2 లక్షలు దాటినది. ఈ రెండు తరగతుల నిధులను పాఠ్యపుస్తకముగా చదివిన 'ఆల్ఫాఫోల్డ్' అను కంప్యూటరు కార్యక్రమము 2022 నాటికి 20 కోట్లకు మించిన మాంసకృత్తుల రూపములను ఊహించి చూపెను. దానిని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగము దక్కెను.

2020లో కరోనా వ్యాపించినపుడు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు రోగుల నమూనాలనుండి వైరస్ క్రమములను చదివి అంతర్జాతీయ నిధికి పంపిరి. ఆ దినములలో 'డి614జి' అను ఒక విచిత్రమైన పేరు తరచుగా వార్తలకెక్కెను. వైరస్ ముల్లులోని మాంసకృత్తున 614వ స్థానమున ఆస్పార్టిక్ ఆమ్లమునకు బదులు గ్లైసీన్ వచ్చినదని దాని యర్థము. ఆ డి, ఆ జి డేహాఫ్ లిపిలోని అక్షరములే.