చర్మం మీద ఊదా పొక్కులు ఎందుకు లేస్తాయి?

లైకెన్ ప్లానస్ వచ్చినవారికి మణికట్టు, చీలమండల దగ్గర ఊదారంగు పొక్కులు చదునుగా లేచి, విపరీతంగా దురదపెడతాయి. 1869లో ఇంగ్లండ్ వైద్యుడు ఎరాస్మస్ విల్సన్ దీనికి ఈ పేరు పెట్టాడు. చెట్టు బెరడు మీద పెరిగే లైకెన్‌తో దీనికి పోలికే తప్ప చుట్టరికం లేదు. ఇది అంటువ్యాధీ కాదు.

ఇందులో ఎంజైముల పాత్ర ఏమిటి? ముందు ఒక పోలిక చూద్దాం. సూరత్ దగ్గరి కడోదరాలో గుడ్డలకు రంగులద్దే మిల్లులున్నాయి. అద్దకానికి ముందు నూలు గుడ్డలోని గంజిని వదిలించడానికి అమైలేజ్ అనే ఎంజైమ్ వాడతారు. అది గంజినే ముక్కలు చేస్తుంది, నూలుపోగు జోలికి పోదు. ఒంట్లోని కొన్ని ఎంజైములూ ఇలా ఎంచి కోసేవే.

ఈ జబ్బులో, ఒంటికి కాపలా కాయాల్సిన టీ కణాలనే తెల్ల రక్తకణాలు పైచర్మపు కణాల మీదే తిరగబడతాయి. అవి వదిలే పెర్ఫోరిన్ అనే ప్రొటీన్ ఆ కణానికి చిల్లు పెడితే, గ్రాంజైమ్ బి అనే ఎంజైమ్ లోపలికి దూరి, కణం తనను తానే చంపుకునేలా చేస్తుంది. మెటలోప్రొటీనేజులనే మరికొన్ని ఎంజైములు పైచర్మాన్నీ లోచర్మాన్నీ అతికి ఉంచే పలుచని పొరను కోస్తాయి. ఆ సందులోంచి ఇంకొన్ని టీ కణాలు పైకి చొరబడతాయి. ఇంటి కాపలాదారే గోడకు కన్నం వేసినట్టన్నమాట!

పొక్కు మానినా నల్లమచ్చ మిగులుతుంది. టైరోసినేజ్ ఎంజైమ్ సాయంతో తయారైన మెలనిన్ అనే రంగు పదార్థం, చితికిన కణాల్లోంచి లోచర్మంలోకి జారి నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. బొల్లిలో దీనికి తలకిందులు: మెలనిన్ తయారుచేసే కణాలే నశించి చర్మం తెల్లబడుతుంది.

లైకెన్ ప్లానస్‌కు వైద్యులు రాసే స్టెరాయిడ్ లేపనాలు టీ కణాల దూకుడును తగ్గిస్తాయి.