‘సహజం’ అంటే సరిపోదు, రుజువు కావాలి

లోకల్ రైలు పెట్టెల్లో అంటించిన కాగితాలు మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ‘షుగర్ వేళ్లతో సహా పోతుంది’, ‘అంతా మూలికలే, సైడ్ ఎఫెక్టు లేదు’ అని ఉంటుంది. కొన్నింటి మీద ‘యునానీ’ అన్న మాట కూడా పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. కామాఠీపుర గల్లీల్లో, మన తెలుగువారి చాల్‌లలో ఇలాంటి కాగితాన్ని నమ్మి డాక్టరు ఇచ్చిన షుగర్ మాత్రలు మానేసేవారున్నారు. దవాఖానాకు వచ్చేసరికి కాలి పుండు ముదిరిపోయి ఉంటుంది. అందుకే ఈ వారం మందు గురించి కాక, మందు అమ్మేవారి మాట గురించి చెబుతాను.

మూలిక అంటే హాని లేనిదని కాదు

యునానీలో ప్రతి మందుకూ ఒక మిజాజ్ ఉంటుంది, దానికి నాలుగు దర్జాలు ఉంటాయి. నాలుగో దర్జాకు చేరినవి విషాలు. కుచ్లా (ముష్టి గింజ) చెట్టుకు కాసేదే, సమ్ముల్‌ఫార్ (పాషాణం) భూమిలో దొరికేదే. రెండూ ‘సహజమే’, రెండూ ప్రాణం తీయగలవు. వీటిని శుద్ధి చేసి, తూకం చూసి, రోగిని చూసి హకీం వాడతాడు. అందుకే ఇలాంటి సరుకు కలిసిన మందు డబ్బా మీద ‘వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి’ అన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలని ప్రభుత్వ నియమం.

రుజువు అడగటం మన వైద్యానికి కొత్త కాదు. వెయ్యేళ్ల కిందటే ఇబ్నె సీనా ‘అల్ ఖానూన్’లో మందును పరీక్షించేందుకు షరతులు రాశారు. మందులో వేరే గుణం కలిసి ఉండరాదు. చిక్కు రోగం మీద కాక ఒకే రోగం మీద చూడాలి. ఫలితం ఒక్కసారి వస్తే చాలదు, మళ్లీ మళ్లీ రావాలి. పరీక్ష మనిషి శరీరం మీదే జరగాలి. కరపత్రంలోని ‘వేలమందికి నయమైంది’ అన్న మాట ఈ షరతుల్లో ఒక్కదానికీ నిలవదు.

చట్టం ఏమంటుంది?

మందులు, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లో వచ్చింది. షుగర్, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ, గుండెజబ్బు, కంటి శుక్లం వంటి 54 జబ్బుల పట్టిక అందులో ఉంది. వీటిని నయం చేస్తామని మందును జనానికి ప్రకటించరాదు. తాయెత్తు, మంత్రం పేరిట చేసే ప్రకటనకూ ఇదే నిషేధం. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు, మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. రిజిస్టరైన వైద్యుడు తన దవాఖానా మీద ఫలానా జబ్బుకు ఇక్కడ చికిత్స ఉంది అని బోర్డు పెట్టుకోవచ్చు, దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఈ చట్టాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసినది ఒక యునానీ సంస్థే, ఢిల్లీలోని హమ్‌దర్ద్ దవాఖానా. 1959 డిసెంబరులో తీర్పు వచ్చింది. చట్టంలో కొంత భాగాన్ని కోర్టు కొట్టివేసింది గానీ, జనం సొంత వైద్యం చేసుకుని చెడిపోకుండా ఆపాలన్న ఉద్దేశం సరైనదేనని మూల నిషేధాన్ని నిలిపింది. వ్యాపార ప్రకటనకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని 1995లో టాటా ప్రెస్ కేసులో అదే కోర్టు అంది. అయితే మోసపుచ్చే ప్రకటనకు ఆ రక్షణ ఇవ్వలేదు. 2024 ఏప్రిల్‌లో పతంజలి సంస్థ తన ప్రకటనల విషయంలో పత్రికల్లో బహిరంగ క్షమాపణ వేయవలసి వచ్చింది. అది ఆయుర్వేద సంస్థ అయినా 1954 చట్టం మన యునానీకీ ఒక్కటే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా. విచారించకుండా డబ్బా పట్టుకుని మెచ్చుకునే సినిమా తారకూ ఆ బాధ్యత తప్పదు. 2022 నియమాల ప్రకారం గొప్ప ఏ భాషలో చెప్పారో షరతు కూడా అదే భాషలో ఉండాలి. గొప్ప హిందీలో పెద్దగా రాసి, షరతు ఇంగ్లీషులో చీమంత అక్షరాల్లో దాచటం కుదరదు.

‘పచ్చ’ మాటల సంగతి

2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. గ్రీన్‌వాషింగ్ అంటే పర్యావరణానికి మేలు చేస్తున్నామని సరుకుకు ఉత్తుత్తి పచ్చరంగు పూయటం. సబ్బు గానీ నూనె గానీ ‘స్వచ్ఛం’, ‘సహజం’, ‘ఆర్గానిక్’, ‘ప్రకృతికి మేలు’ అని ఊరికే అనరాదు. ఏ విషయంలో సహజం? లోపలి సరుకా, తయారుచేసిన పద్ధతా, డబ్బానా? అది తేలిక మాటల్లో చెప్పి ఆధారం చూపాలి. ఆధారం క్యూఆర్ కోడ్‌లో పెట్టినా సరే, మనకు అందాలి.

మన మందుల్లో ఒక ఉదాహరణ చూడండి. దవాఉల్ మిస్క్ పాత నుస్ఖాల్లో కస్తూరి ఉంది. కస్తూరి మృగం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద కట్టుదిట్టమైన రక్షణలో ఉంది. కాబట్టి ‘అడవి నుంచి తెచ్చిన అసలు కస్తూరి’ అని ఎవరైనా చెవిలో చెబితే, అది అబద్ధమైనా అయి ఉండాలి, నేరమైనా అయి ఉండాలి. రెండు విధాలా కొనదగినది కాదు.

కొనేముందు చూడవలసినవి

1. డబ్బా మీద ‘యునానీ మందు’ అన్న మాట, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీదారు పేరు, చిరునామా, తయారైన తేదీ, గడువు తేదీ.

2. కలిపిన సరుకుల పూర్తి జాబితా. ‘రహస్య మూలిక’ అంటే వెనక్కి ఇచ్చేయండి.

3. బిల్లు తప్పక అడగండి. కరపత్రాన్ని పారేయకుండా బిల్లుతోపాటు దాచండి.

4. మోసం అనిపిస్తే 1915కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కలెక్టరుకు రాసివ్వండి. వినియోగదారుల కమిషన్‌లో మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు.

కట్టుబడి పని తెలిసినవారు ఇటుకను తట్టి, మోత విని తీసుకుంటారు. కామాఠీపురకు పేరు తెచ్చిన వృత్తి అదే. మందు కొనేటప్పుడూ అంత జాగ్రత్త ఉండాలి. ఏ కాగితం చూసినా సరే, షుగర్, బీపీ, మూర్ఛ మాత్రలు మీ అంతట మీరు మానకండి. యునానీ మందు వాడదలిస్తే, తింటున్న మాత్రల చీటీ తీసుకుని రిజిస్టరైన హకీం దగ్గరికి వెళ్లండి. మీ డాక్టరుకూ ఆ సంగతి చెప్పండి.