ఎవరికి ఏ ఉపవాసం?



రేపు ఏకాదశి అనగా ఆలయ ప్రాంగణంలో తరచు వినవచ్చే ప్రశ్న ఒకటున్నది. "స్వామీ! నేను ఉపవాసం ఉండవచ్చునా? ఉంటే ఎట్లా ఉండాలి?" అని. ప్రశ్న చిన్నదే గాని, అందరికీ సరిపోయే ఒకే సమాధానం దీనికి లేదు. పాతికేళ్ల యువకుడు అడిగినప్పుడు చెప్పవలసిన మాట వేరు. మధుమేహానికి మందు పుచ్చుకొనే అరవై ఐదేళ్ల తల్లి అడిగినప్పుడు చెప్పవలసిన మాట వేరు. ఈ భేదాన్ని శాస్త్రం బాగుగా ఎరుగును. ఎరుగనిది మనమే. పొరుగింటివారు నిర్జలంగా ఉన్నారని మనమూ మంచినీరు మానివేయడం, వ్రతభంగమవుతుందని వైద్యుడిచ్చిన మాత్రను పక్కన పెట్టడం, సాయంకాలానికి కళ్లు తిరిగి పడిపోవడం, ఇంటిల్లిపాదినీ ఆందోళన పెట్టడం - ఇవి భక్తి లక్షణాలు కావు. కావున శాస్త్రం ఉపవాసానికి ఎన్ని మెట్లు కట్టినది, వానిలో ఎవరి మెట్టు ఏది, దానిని ఎట్లా తెలుసుకోవాలి అన్న విషయాన్ని ఈనాడు విచారించుకుందాం.

ఉపవాసమంటే ఏమి?

ఉప అనగా సమీపమున, వాసం అనగా ఉండుట. పాపముల నుండి మరలి సద్గుణములతో కూడి వసించుటయే ఉపవాసమని, శరీరాన్ని ఎండగట్టడం మాత్రమే కాదని పెద్దలు నిర్వచించారు. తినడానికి లేక ఉండిపోతే అది పస్తు. ఉండి, తినగలిగి, భగవంతుని కొరకు సంకల్పించి మానితే అది ఉపవాసం. రెండింటిలోనూ కడుపు ఖాళీయే. భేదమంతా మనస్సులో ఉన్నది.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ అతిగా తినేవానికి యోగం సిద్ధించదని చెప్పి, ఆ వెంటనే బొత్తిగా తిననివానికి కూడ సిద్ధించదని చెప్పాడు. పదిహేడవ అధ్యాయంలో మరింత కఠినంగా, శాస్త్రం విధించని ఘోరతపస్సులతో దేహాన్ని పీడించేవారు లోపలనున్న తననే పీడిస్తున్నారన్నాడు. మనం ఎవరికొరకు ఉపవాసం ఉంటున్నామో ఆయనే ఈ మాట చెప్పినప్పుడు, వినవలసినది మనమే గదా!

మన సూత్రకారుని మాట

తెలుగునాట వైదిక కుటుంబాలలో అధికభాగం ఆపస్తంబ సూత్రులు. ఆ ఆపస్తంబ మహర్షి ధర్మసూత్రంలో గృహస్థునికి విధించిన నియమం ఎంత సులభమో చూడండి. వివాహమైన నాటినుండి భార్యాభర్తలు రెండు వేళలలో మాత్రమే భుజించాలి. ఆ తినేదైనా కడుపు నిండా, ఇక చాలు అనిపించేదాకా తినరాదు. పర్వదినాలలో ఇద్దరూ ఉపవసించాలి. అయితే ఆ పర్వదినంలో ఒక్కపూట భోజనం చేసినా అది ఉపవాసమే అవుతుంది.

ఇందులో గ్రహించవలసిన రహస్యమున్నది. ఉపవాసం పర్వదినంతో మొదలు కాదు. రెండు వేళల మధ్య నోటికి విశ్రాంతి ఇవ్వడంతో మొదలవుతుంది. ఉదయం కాఫీతో ఆరంభించి రాత్రి పడుకొనే వరకు ఏదో ఒకటి నమలుతూ, పదిహేను రోజులకొకసారి నిర్జలవ్రతం పట్టడం పునాది లేని గోడ వంటిది.

ఆయనే ఆశ్రమాలనుబట్టి ముద్దల లెక్క కూడ చెప్పాడు. సన్న్యాసికి 8, వానప్రస్థునికి 16, గృహస్థునికి 32. బ్రహ్మచారికి మాత్రం లెక్క లేదు. వేదాధ్యయనం చేసే పిల్లవాడు తింటేనే అతని పని సాగుతుందని మహర్షి స్పష్టంగా చెప్పాడు. చదువుకునే పిల్లలను నిర్బంధించి ఉపవాసం ఉంచే తల్లిదండ్రులు ఈ మాట జ్ఞాపకముంచుకోవాలి.

నాలుగు మెట్లు

ధర్మశాస్త్రంలో ముఖ్యంగా నాలుగు విధాల ఆహారనియమాలు కనిపిస్తాయి.

మొదటిది ఏకభుక్తం. మనం ఒక్కపొద్దు అంటాము. మధ్యాహ్నం దాటిన తరువాత ఒక్కమారు భుజించి, మరునాటివరకు మరల అన్నం ముట్టకుండుట. మన పల్లెలలో వేంకటేశ్వరస్వామి కొరకు శనివారం పట్టే ఒక్కపొద్దు ఇదే.

రెండవది నక్తం. పగలంతా ఉపవసించి, గృహస్థులు నక్షత్రదర్శనమైన పిమ్మట రాత్రి భుజించుట. కార్తిక సోమవారాలలో ఆచరించేది ఇది.

మూడవది అయాచితం. అడుగకుండా, ఆజ్ఞాపించకుండా, తనంత తానుగా లభించినదానిని ఒక్కమారు తిని తృప్తి చెందుట. ఇది కడుపును కాదు, నాలుకను జయించే వ్రతం. "ఈ పూట కూర ఏమిటి?" అని అడుగకుండా ఉండగలమా? ప్రయత్నిస్తేగాని దీని కష్టం తెలియదు.

నాల్గవది పూర్ణోపవాసం. ఏకాదశీ వ్రతం సంపూర్ణంగా ఆచరించేవారు దశమినాటి రాత్రి భోజనం, ఏకాదశినాటి రెండు భోజనాలు, ద్వాదశినాటి రాత్రి భోజనం, వెరసి నాలుగు భోజనాలు విడిచిపెడతారు. దశమి మధ్యాహ్నం తిన్నవారు ద్వాదశి ఉదయం పారణ చేసేసరికి సుమారు 42 గంటలు గడుస్తాయి. ఇది చిన్న వ్రతం కాదు. సంవత్సరంలో 24 ఏకాదశులు. అధికమాసం వచ్చిన ఏట 26. ఎంత బరువు ఎత్తుకుంటున్నామో తెలిసే ఎత్తుకోవాలి.

అశక్తునికి శాస్త్రం చూపిన దారి

"నేను పూర్ణోపవాసం ఉండలేను, నాకిక పుణ్యం లేదా?" అని బాధపడేవారున్నారు. ఆ బాధ అక్కరలేదు. ఏకాదశినాడు ఉండలేనివారికి నక్తం, హవిష్యాన్నం, వరి అన్నం కాని పదార్థం, పండ్లు, నువ్వులు, పాలు, నీరు, నెయ్యి, పంచగవ్యం, చివరకు కేవలం వాయువు అని నిబంధకారులు ఒక వరుస చెప్పారు. ఈ వరుసలో ముందుదానికంటె తరువాతిది శ్రేష్ఠం. కాని అన్నీ వ్రతాలే. నిచ్చెనలో ఏ మెట్టుపై నిలిచినవాడైనా నిచ్చెనపైనే ఉన్నాడు గాని నేలపై లేడు.

ఎనిమిదేళ్లు దాటినవారికి, ఎనభై నిండనివారికి మాత్రమే ఏకాదశి నియమం విధించారు. రోగి, వృద్ధుడు అశక్తులైనప్పుడు భార్య గాని, భర్త గాని, కుమారుడు గాని, సోదరుడు గాని వారి బదులు ఉపవసించవచ్చునన్నారు. ఇటువంటి నిర్ణయాలన్నింటినీ సంగ్రహించిన గ్రంథాలలో కమలాకరభట్టు 1612లో పూర్తిచేసిన నిర్ణయసింధువు, కాశీనాథోపాధ్యాయుల ధర్మసింధువు మన పురోహితులకు నేటికీ ఆధారాలు.

మహాభారతంలో వ్రతాన్ని చెరపనివి ఎనిమిది అని చెప్పబడినవి: నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఈ ఎనిమిదవదానిని ప్రత్యేకించి మనవి చేస్తున్నాను. ఔషధం వ్రతాన్ని చెరపదు. మందు మాని ఉపవసించమని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు.

అంతమాత్రాన మందు వేసుకొని అన్నం మానవచ్చునని తలపవద్దు. మధుమేహానికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని తీసుకొని ఆహారం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, తడబాటు దానికి గుర్తులు. అవి కనిపించిన క్షణంలో చక్కెరో బెల్లమో నోట వేసుకోవాలి. అది వ్రతభంగం కాదు, ప్రాణరక్షణ. ఇటువంటివారు, మూత్రపిండాల వ్యాధి, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని అడుగకుండా ఏ మెట్టూ ఎక్కరాదు. వైద్యుడు వద్దంటే, వేళకు మితంగా తిని, ఆనాడు పరుషవాక్యం మాని, నామజపం చేసుకోవాలి. అదే వారి ఏకాదశి.

తగినదానిని ఎట్లా ఎన్నుకోవాలి?

ఆరోగ్యవంతులు తమకు తాము మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

నా శరీరం దేనికి తగును? ఇది మొదటిది. పైత్యతత్త్వం వల్ల ఆకలికి ఓర్వలేనివారు పూర్ణోపవాసం కంటె పాలు, పండ్లతో ఆరంభించడం మేలు.

నా వృత్తి ఏమి? ఇది రెండవది. ఎండలో పొలం పనిచేసేవారు, బండి నడిపేవారు వేసవిలో నీరు మానడం సాహసమే గాని తపస్సు కాదు. వారికి మధ్యాహ్నపు ఒక్కపొద్దు తగును. నీడపట్టున కూర్చుని ఉద్యోగం చేసేవారికి నక్తం అనుకూలిస్తుంది; చలికాలంలో పగలు చిన్నది గనుక కార్తికం దానికి ఆరంభం కావచ్చును.

సంవత్సరమంతా నిలుపగలనా? ఇది మూడవది, ముఖ్యమైనది. ఒక ఏకాదశికి నిర్జలం ఉండి, పది ఏకాదశులు మరచిపోయేవానికంటె, ప్రతి ఏకాదశికీ తప్పక ఒక్కపొద్దు ఉండేవాడు వ్రతస్థుడు. ఎంతవరకు పాటించగలమో అంతే ఉదయం సంకల్పంలో చెప్పుకోవాలి. చెప్పిన తరువాత తగ్గించరాదు. పంతానికి పెంచనూ రాదు.

కొన్ని నెలలు ఆచరించిన తరువాత ఆ మెట్టు సరిపడినదో లేదో శరీరమే చెబుతుంది. చరకసంహిత సూత్రస్థానంలో పదివిధాల లంఘనాలలో ఉపవాసం ఒకటి. అది సరిగా కుదిరితే దేహం తేలికపడుతుంది, త్రేనుపు శుద్ధమవుతుంది, మగత, అలసట తొలగుతాయి, ఆకలి దప్పులు కలసి పుడతాయి, మనస్సు ప్రసన్నమవుతుంది. మితిమీరితే కీళ్లు, ఒళ్లు నొప్పులు, నోరెండుట, దగ్గు, ఆకలి నశించుట, చూపు వినికిడి మందగించుట కలుగుతాయి. ఈ రెండవ జాబితా కనిపిస్తే ఒక మెట్టు దిగాలి. దిగడంలో అవమానం లేదు. "లంఖణం పరమౌషధం" అని మనవారు ఊరకే అనలేదు. ఔషధమన్నారు గనుక దానికీ మోతాదు ఉండి తీరుతుంది.

నేటి పద్ధతులు

ఈ మధ్య యువకులు రోజుకు 8 గంటల వ్యవధిలోనే తిని 16 గంటలు మానే నియమాన్ని ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అని పాటిస్తున్నారు. 2016లో జపాను శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి నోబెల్ బహుమానం ఉపవాసానికే వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు. అది సరికాదు. కణం తనలోని పాతభాగాలను తానే విడదీసి మరల వాడుకొనే విధానాన్ని ఆయన ఈస్టు కణాలలో కనుగొన్నందుకు వచ్చినది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో స్థూలకాయులు 139 మందిపై 12 నెలలు జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనలో అందరికీ ఆహారం తగ్గించి, కొందరికి మాత్రం ఉదయం 8 నుండి సాయంత్రం 4 వరకే తినే నియమం పెట్టారు. బరువు తగ్గడంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ భేదం కనిపించలేదు. వేళ ఒక్కటే మహిమ చూపదు, మితమూ ఉండాలన్నమాట. ఆపస్తంబులు రెండు వేళలు చెప్పి, వెంటనే తృప్తిగా తినవద్దని ఎందుకన్నారో ఇప్పుడు ఆలోచించండి.

మనం ఫలాహారాన్ని పలహారం చేసుకున్నాము. పండు తినవలసినచోట ఉప్మా, దోసె, సగ్గుబియ్యం వడలు వచ్చి కూర్చున్నవి. మామూలు భోజనం కంటె ఉపవాసపు పలహారమే బరువైపోతే ఆకలీ తీరదు, వ్రతమూ సాగదు. మాటిమాటికీ నీరు త్రాగుట, తాంబూలం, పగటినిద్ర ఉపవాసాన్ని చెరుపుతాయని కూడ పెద్దలన్నారు. ప్రాణానికి ఇబ్బంది కలిగినప్పుడు మాత్రం నీటికి దోషం లేదు.

పారణ

ఉపవాసానికి ఆరంభమెంతో ముగింపూ అంత ముఖ్యం. భాగవతం నవమస్కంధంలో అంబరీష మహారాజు కథ అందరికీ తెలిసినదే. ద్వాదశి గడియలు దాటిపోతున్నవి. అతిథియైన దుర్వాసుడు నదినుండి రాలేదు. తింటే అతిథికి అపచారం, తినకుంటే వ్రతలోపం. పండితులను అడిగి, రాజు కేవలం జలం పుచ్చుకున్నాడు. అది తిన్నట్లూ అయినది, తిననట్లూ అయినది. మహాభక్తుడు సైతం మొండిపట్టు పట్టక, తెలిసినవారిని అడిగి మార్గం వెదికాడు. మనకది పాఠం. పారణలో మొదట తీర్థం, తరువాత మెత్తని తేలికైన అన్నం మితంగా తీసుకోవాలి. రెండు రోజుల ఆకలిని ఒక్క విస్తరిలో తీర్చుకోరాదు.

చివరగా ఒక్క మాట. గృహస్థుని దేహం అతనిది మాత్రమే కాదు. వృద్ధులైన తల్లిదండ్రులకు, ఎదిగే పిల్లలకు, వచ్చే అతిథికి, చేయవలసిన నిత్యకర్మకు అందులో భాగమున్నది. మరునాడు ఉదయం లేచి స్నానసంధ్యలు చేసుకొని, ప్రసన్నమైన ముఖంతో ఇంటిపని, వృత్తిధర్మం నెరవేర్చగలిగితే నిన్నటి ఉపవాసం మీకు తగినది. విసుగుతో ఇంట్లోవారిని కసురుకొని మంచమెక్కితే అది మీ మెట్టు కాదు. రాబోయే ఏకాదశికి మీ మెట్టును మీరే నిదానంగా నిర్ణయించుకొని, చిన్నదైనా సరే, విడువక పట్టుకొనండి. పట్టుదలతో నిలిచినవానికి పై మెట్టును భగవంతుడే చూపుతాడు.

శుభం భూయాత్.