తుక్కులోనే కళాసామగ్రి.. ఏరుకోవడంలోనే మెలకువ!

కొంపల్లి: కాన్వాసు, రంగులు, కుంచెలు కొనలేక వెనుకంజ వేసే చిత్రకళా విద్యార్థులకు ‘మిశ్రమ మాధ్యమం’ అందుబాటులో ఉన్న మార్గం. రంగులతో పాటు కాగితం, గుడ్డ, లోహం, కలప వంటివి ఒకే చిత్రంలో కూర్చడమే ఈ పద్ధతి. పికాసో 1912లో నూనెగుడ్డను, తాడును చిత్రానికి అతికించి దీనికి పేరు తెచ్చారు. మన తెనాలికి చెందిన శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర తుక్కు ఇనుముతోనే భారీ విగ్రహాలు రూపొందించారు. అయితే చౌకగా దొరికిందల్లా పనికిరాదు. చిత్రం మన్నికతో పాటు కళాకారుడి ఆరోగ్యమూ సామగ్రి ఎంపికపైనే ఆధారపడి ఉంటుంది.

ఎక్కడ ఏం దొరుకుతుంది?

కొంపల్లి పక్కనే ఉన్న గుండ్లపోచంపల్లిలో అపెరల్ పార్కు ఉంది. దుస్తులు కుట్టేచోట మిగిలే గుడ్డపీలికలు, దారాలు, గుండీలు అతికింపు చిత్రాలకు అనువైనవి. భవన నిర్మాణాలు సాగేచోట పగిలిన టైల్స్, గ్రానైటు ముక్కలు మిగులుతాయి. వడ్రంగి దుకాణాల్లో రంపపు పొట్టు, ప్లైవుడ్ ముక్కలు ఉంటాయి. నట్లు, బోల్టులు, గొలుసుల వంటివి పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో కిలోల లెక్కన తూచి ఇస్తారు. నగరంలోకి వెళ్లగలిగితే గురువారం జుమ్మెరాత్ బజార్‌లో పాత వస్తువులు, ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు లభిస్తాయి. ఎక్కడైనా యజమాని అనుమతి తీసుకోవాలి. తుక్కు ఏరి అమ్మేవారికి అదే జీవనాధారం కనుక వారికి తగిన ధర చెల్లించడం న్యాయం.

చేర్యాల చూపిన దారి

చౌక సామగ్రితో కళ మనకు కొత్త కాదు. చేర్యాల నకాషీ కళాకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి పటం సిద్ధం చేస్తారు. రంపపు పొట్టును అదే జిగురుతో కలిపి మాస్కులు మలుస్తారు. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, చిక్కబడే వరకు ఉడికిస్తే ఈ జిగురు తయారవుతుంది. కాగితం, గుడ్డ అతికించేందుకు ఇది చాలు. టైల్స్, ఇనుము వంటి బరువైన వాటికి ప్లైవుడ్ పలకను ఆధారంగా తీసుకొని, తీగతో బిగించాలి.

మన్నిక కోసం

వార్తాపత్రికల కాగితం ఎండకు త్వరగా పసుపుబారుతుంది. శాశ్వతంగా ఉండాల్సిన చిత్రానికి మందపాటి, నూలు పీచు కలిసిన కాగితం మేలు. ఇనుప ముక్కల తుప్పును గరుకు కాగితంతో వదిలించి వార్నిష్ పూయాలి. కోడిగుడ్డు పెంకులను కడిగి, లోపలి పొర తీసి, బాగా ఎండబెట్టాకే వాడాలి. తడి మిగిలితే బూజు పడుతుంది.

వీటి జోలికి వెళ్లవద్దు

సమీపంలోని జీడిమెట్లలో ఔషధ, రసాయన పరిశ్రమలు ఎక్కువ. ఏ పరిశ్రమ నుంచి వచ్చినా రసాయనాలు నింపిన డ్రమ్ములు, సంచులు కడిగినా సురక్షితమని భావించరాదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. వాటిని కోసినా, అరగదీసినా వెలువడే సన్నని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన తలుపులు, కిటికీలను పొడిగా గీకితే సీసపు ధూళి లేస్తుంది. పిల్లలకు ఇది మరింత హానికరం. ట్యూబులైట్లు, బ్యాటరీలు, సిరంజిలు తాకరాదు. కంప్యూటరు బోర్డులను కాల్చడం, ఆమ్లంలో ముంచడం అసలే కూడదు. వాటిని గుర్తింపు పొందిన ఈ-వ్యర్థాల కేంద్రాలకే అప్పగించాలి.

పగిలిన అంచులున్న వాటిని ఏరేటప్పుడు మందపాటి చేతితొడుగులు, అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఎక్కడిదో, ఏమిటో తెలియని వస్తువు ఎంత అందంగా కనిపించినా వదిలేయడమే ఉత్తమం.