వాన పాఠం, వాన దువా

వానలు ముఖం చాటేసిన ఏడాది కర్నూలు, కడప జిల్లాల్లో మనం ఈద్‌గాహ్‌లో చేరి ఇస్తిస్ఖా నమాజు చేస్తాం. బడినుంచి వచ్చిన బిడ్డ అడుగుతాడు: నైరుతి గాలుల తేమను పడమటి కనుమలే పిండుకుంటాయట, మన సీమ వానచాటున పడిందట, మరి దువా ఎందుకని?

ఆ బిడ్డను కసురుకోవద్దు. గాలులు మేఘాలను కదిలించడాన్ని, వాటి నడుమనుంచి వాన కురవడాన్ని దివ్య ఖుర్‌ఆన్ (30:48) కూడా వర్ణించింది. వాన ఎలా కురుస్తుందో శాస్త్రం చెబుతుంది. కురిస్తే ఎవరికి కృతజ్ఞులమై ఉండాలో, కురవకపోతే ఎలా నిలబడాలో విశ్వాసం నేర్పుతుంది. నమాజు తర్వాత వాన పడితేనే విశ్వాసం సత్యమనుకుంటే, దువా బేరమైపోతుంది.

ఒంటెను కట్టేయాలా, వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని ఒకరు అడిగితే, కట్టేసి ఆపైన భారం వేయమన్నారు ప్రవక్త (స). ఈ హదీసు తిర్మిజీలో ఉంది. మన సీమలో ఆ ఒంటె చెరువే. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో ఉన్నాయి. 1,000 మంది కూలీలు, 100 బండ్లతో రెండేళ్లు పని సాగిందట. చెరువు తవ్వించడం పుణ్యమని నమ్మినవారే నేలనూ నీటినీ కొలిచి చూశారు.

ఈసారి బిడ్డ అడిగితే ఊరి చెరువుకట్ట మీదికి తీసుకెళ్దాం. ముందు ఒక తట్ట పూడిక తీద్దాం. ఆ చేతులతోనే దువా చేద్దాం.