కొనువారు మారినప్పుడు

గ్రామపెద్దలారా,

వర్తకమును గూర్చి ఒక తెలుగుపంతులు ప్రసంగించుట మీలో కొందరికి వింతగా దోచవచ్చును. నా జీవితము వ్యాకరణమునకును బడిపిల్లలకును సరిపోయినది. త్రాసు పట్టినవాడను గాను. అయినను మన పూర్వులు కృషిని, పశుపాలనమును, వాణిజ్యమును ఒక్కటిగా జేర్చి 'వార్త' యను పేరిడి, దానిని విద్యలలో నొకటిగా నెంచిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున పణ్యాధ్యక్షుని ధర్మములను జెప్పుచు, ఏ సరకు జనులకు ప్రియమో, ఏది అప్రియమో ఆతడు ఎరిగియుండవలెనని విధించెను. సరకు చేయువాడు తన చేతినే గాక కొనువాని మనస్సును గూడ నెరుగవలెనని దీని తాత్పర్యము. ఇది యెట్లు పనిచేయునో మన నేతపనినుండియే చూపెదను.

చీరాల ప్రాంతమున పూర్వము 'తేలియా రుమాలు' అను చదరపు గుడ్డలను నేయుచుండిరి. నూలును నూనెతోను, ఆముదపుకాయల తొక్కలను కాల్చిన బూడిదతోను దినములతరబడి పదునుచేసి, పిమ్మట చిటికి కట్టి రంగులలో ముంచెడివారు. చిటికి యనగా, నేయుటకు ముందే పోగులను అచ్చటచ్చట బిగించి కట్టుట. కట్టినచోట రంగు సోకదు, విడిచినచోట సోకును. అట్లు రంగుపట్టిన పోగులు మగ్గముపై కలిసినప్పుడు చిత్రము తానై తేలును. ఎరుపు, నలుపు, తెలుపు తేలియాకు ముఖ్యమైన వన్నెలు. ఈ రుమాళ్లు ఇచ్చట బెస్తలకును గొల్లలకును తలగుడ్డలయ్యెను. ఓడలమీద అరబ్బుదేశములకును బోయెను.

ఈ విద్య ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున చీరాలనుండి నల్లగొండ సీమకు ప్రాకి, పోచంపల్లి, పుట్టపాక మొదలగు గ్రామములలో నాటుకొనెను. అచ్చటివారును తొలుత రుమాళ్లనే నేసి పరదేశముల కంపిరి. కాలక్రమమున ఆ దూరదేశపు గిరాకి సన్నగిల్లెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. కొనువాడు సముద్రమున కావల నున్నాడు. నేతగాడు వాని ముఖ మెన్నడును జూచి యెరుగడు. నడుమ నున్న బేరగాడు చెప్పినదే వేదవాక్యము. అట్టి వర్తకమున, గిరాకి తగ్గినదను మాట ఇంటిలో గుడ్డలు పేరుకొన్న పిమ్మటగాని చెవి సోకదు. దూరపు విపణి నొక్కదానినే నమ్ముకొన్నవారికి ఇది యెల్లప్పుడును పొంచియున్న యపాయము.

పోచంపల్లివా రప్పుడు చేసిన పని గమనింపదగినది. వారు రుమాలును విడిచిరి, చిటికిని విడువలేదు. తల చుట్టుకొనువాడు కరవైనను, చీర గట్టుకొను స్త్రీలు హైదరాబాదు మొదలుకొని పట్టణములన్నిటను గలరు. కావున ఆ కట్టునే చీరకు మరల్చిరి. గ్రామమునుండి యువకులు కాశికి బోయి పట్టునేత నేర్చుకొని వచ్చిరి. మూడు వన్నెలకు బదులు పెక్కు వన్నెలు వచ్చినవి. పిమ్మట దుప్పట్లు, తెరలు, రవికెగుడ్డలు సైతము అదే చిటికితో వెలసినవి. సరకు మారినది, కొనువారు మారిరి, విద్య మాత్రము నిలిచినది. కొత్తొక వింత, పాతొక రోత యని మన సామెత. కాని పాతవిద్యతోనే కొత్తవింతను గల్పించుట వీరి నేర్పు.

మార్పు ఊరకే రాదని గూడ పెద్దలు మనసున నుంచుకొనవలెను. కొత్త చిత్రము నేర్చుకొను దినములలో మగ్గము సాగదు. మగ్గము సాగనినాడు కూలి లేదు. ఆ దినముల గ్రాసము నెవరు భరింతురు? పెట్టుబడి గల ఆసామియో, సహకారసంఘమో భరింపనిచో, బీదనేతగాడు పాత సరకునే నేయుచు నష్టపడును. అది వాని మూఢత్వము గాదు, బీదతనము. అట్లే, చీరకు గిరాకి పెరిగినకొలది ఇంటి యాడువారికి ఆసు పోయుట పెరిగెను. మేకులచుట్టు పేకనూలును వేలకొలది మారులు చేయి ద్రిప్పి పోయవలెను, భుజములు పడిపోవును. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తన తల్లి పడు ఈ బాధను జూచి, ఏండ్లు శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచిరి. వారికి 2017లో పద్మశ్రీ లభించినది. యంత్రమెల్ల చేతిపనికి శత్రువు గాదు. చేతినొప్పిని దీర్చి నేర్పును నిలుపు యంత్రము మిత్రమే.

ఇక నేటి సంకటము. నేడు నేతగాడు చీర ఛాయాచిత్రమును తన ఫోనులోనే దూరదేశపు కొనుగోలుదారుకు జూపగలడు. బేరగాని యడ్డు కొంత తొలగినది. కాని ఆ చిత్రమునే చూచి, యంత్రముపై దాని పోలికను అచ్చొత్తి, తక్కువవెలకు పోచంపల్లి పేరుతోనే అమ్మువారును గలరు. కొనువాడు పేరును జూచి మోసపోవును. నేసినవాడు పేరుండియు పస్తుండును. ఇందులకే పోచంపల్లి చిటికినేతకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించెను. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో అట్టి గుర్తింపే వచ్చినది. చేనేతముద్ర 2006 నుండి కలదు. పుట్టపాకవారు తేలియాను మరల నిలిపిన రీతి యును ముచ్చటైనది: గజము గోవర్ధనగారివంటి నిపుణులు ఆ పాతవన్నెలను చీరలకును ఓణీలకును దెచ్చిరి. వారికి 2011లో పద్మశ్రీ నిచ్చిరి.

చట్ట మున్నంతమాత్రమున చాలదు. కొనువాని కంటికి విద్య కావలెను. చీరను తిరుగవేసి చూడుడు. అచ్చువేసినదైన లోపలివైపు సామాన్యముగా వెలవెలబోవును; చిటికినేతలో రెండువైపులను చిత్ర మొక్కటే. చిత్రపుటంచును చూడుడు. పోగులు ఇసుమంత జరుగుటచే అంచు ఈకవలె చెదరియుండును. గీత గీసినట్లుండినచో అనుమానింపవలెను. ఇది లోపమని తీసివేయకుడు. చేతిపనికి అదియే సాక్షి.

మీ గ్రామములలో నేతయే కానక్కరలేదు. కుమ్మరము, వడ్రంగము, కంచుపని ఏదైనను, గిరాకి తగ్గినదని యువకుడు మీయొద్దకు వచ్చినప్పుడు, 'తాతలనాటి పని విడువకు' మనియు, 'పట్టణమునకు పొమ్ము' అనియు తొందరపడి చెప్పకుడు. మొదట వానితో గూర్చుండి విచారింపుడు: తగ్గినది నీ విద్యకు గిరాకియా, నీవు చేయు ఒక్క సరకునకా? నీ సరకును నేడు కొనదగినవా రెవరు, వారిని నీ వెన్నడైన కలిసికొంటివా? కొత్తపని నేర్చుకొను నెలలలో నీ యింటి పొయ్యి యెట్లు మండును? మొదటి రెంటికి వాడే యుత్తరము వెదకుకొనగలడు. మూడవదానికి ఊరు ఉత్తరము చెప్పవలెను. సంఘము పెట్టుకొనుటయో, అప్పు నిప్పించుటయో, ఇంటి పెండ్లికి వానియొద్దనే గుడ్డ కొనుటయో, మీ చేత నున్నది చేయుడని నా మనవి.